ఊళ్ళోనే ఉండి ఫోన్లో మనసు డాక్టరుకి చూపించుకోవడం ఎలా

మా పిన్ని మొదటిసారి తన బాధ బయటివాళ్ళకి చెప్పుకున్నది జీడి తోటలో. ఇంట్లో సిగ్నల్ రాదు. సిగ్నల్ వచ్చే వీధి అరుగు మీద ఎప్పుడూ నలుగురుంటారు. అందుకని తోటలో పనస చెట్టు కింద కూచోబెట్టి, నంబరు కలిపి, ఫోన్ చేతికిచ్చాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని, అవతలి అమ్మాయితో అన్న మొదటి మాట ఇది: "నాకేటీ నేదమ్మా. రాత్రిళ్ళు నిద్రట్నేదు, అంతే."

ఆ 'అంతే' వెనకాల పధ్నాలుగు నెలలున్నాయి. బాబాయి కిడ్నీ జబ్బుతో మంచం పట్టి, డయాలసిస్ మీద కొన్నాళ్ళు ఉండి పోయాడు. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఇలాంటి ఇల్లు వీధికి ఒకటైనా ఉంటుంది. ఆయన పోయాక పిన్ని తిండి తగ్గించేసింది, జీడి పిక్కల పనికి వెళ్ళడం మానేసింది, పొద్దు వాలితే గుండె దడ అని గుమ్మంలో కూచుండిపోయేది. మేం ఏం చేశాం? ఊళ్ళో సూది వేసే ఆయన చేత సెలైన్లు ఎక్కించాం, ఆయనిచ్చిన నిద్రమాత్రలు నెలల తరబడి మింగించాం, తాయెత్తు కట్టించాం. ఉచితంగా తెలుగులో మాట్లాడే నంబరు ఒకటి ఉందని అప్పటికి మాకు తెలీదు. తెలిశాక కూడా ఎలా వాడుకోవాలో తెలియక ఇంకో నెల పోగొట్టుకున్నాం. మీకు ఆ నెల పోకూడదని ఇది రాస్తున్నాను.

ఫోన్ చేసే ముందు: ఇది ఫోన్‌తో ఆగే పనేనా?

కొన్నిటికి ఫోన్ సరిపోదు, 108 పిలవాల్సిందే. వీటిని గుర్తుపెట్టుకోండి.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఇంట్లోవాళ్ళని గుర్తుపట్టకపోతే, అది మనసు జబ్బు అని ముందే తేల్చేయకండి. జ్వరం తలకెక్కినా, షుగర్ పడిపోయినా, ఒంట్లో ఉప్పు తగ్గినా అలాగే ఉంటుంది. కిడ్నీ రోగి అయితే మరీ జాగ్రత్త, ఒంట్లో మలినాలు పేరుకున్నా మనిషి అయోమయంలో పడతాడు. ఇలాంటప్పుడు రక్తపరీక్ష కావాలి, ఆసుపత్రి కావాలి.

రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే, మొదటి రోజు నుంచి మూడు నాలుగు రోజుల్లోపు చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. పండక్కి మాల వేసుకుని ఒక్కసారే మానేసినవాళ్ళలో ఇది చూస్తాం. 'దేవుడు పూనాడు' అని కూచుంటే ప్రాణం మీదికి వస్తుంది. తాగుడు మానాలనుకోవడం మంచిదే, కానీ ఎక్కువ తాగేవాళ్ళు డాక్టరుకి చెప్పి మానాలి.

కాన్పయిన కొద్ది రోజులకే బాలింత నిద్ర పూర్తిగా మానేసి, బిడ్డ గురించి వింత వింత మాటలు మాట్లాడుతుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బిడ్డని తల్లి దగ్గర ఒంటరిగా వదలకండి.

ఇక, ఎవరైనా చచ్చిపోవాలనుంది అంటే, లేదా ఆ ఆలోచన ఉన్నట్టు మీకనిపిస్తే, వాళ్ళని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉంచకండి. పురుగుల మందు డబ్బాలు, ఇంట్లో మిగిలిన మాత్రలు అన్నీ తీసి వేరేవాళ్ళింట్లో తాళం వేయించండి. పొలం పనుల రోజుల్లో కూడా ఇంట్లో పెట్టద్దు. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతాం, అది నిజం కాదు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. అడిగి, పక్కనే కూచుని, కింద చెప్పే 14416 నంబరుకి వెంటనే చేయండి. అప్పటికే ఏదైనా చేసుకున్నారంటే 108. పోలీసు కేసవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడమంటుంది, వైద్యం అందించమంటుంది.

నంబరు 14416

దీని పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్ద దిక్కు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. కాల్‌కి డబ్బు పడదు. 14416 కలవకపోతే 1800 891 4416 కి చేయండి, అదీ ఇదీ ఒకటే.

చాలామంది అపోహ పడేది ఒకటుంది: దీనికి స్మార్ట్ ఫోన్ కావాలి, ఇంటర్నెట్ కావాలి అనుకుంటారు. అక్కర్లేదు. అమ్మమ్మ దగ్గరుండే నొక్కుడు ఫోన్ చాలు. కలిశాక భాష ఎంచుకోమంటుంది, తెలుగుకి చెప్పిన అంకె నొక్కండి. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా ఇంటిభాషగా ఉన్నవాళ్ళు ఒడియా ఎంచుకోవచ్చు. ఏడుపొచ్చినప్పుడు మనిషి ఇంటిభాషలోనే ఏడుస్తాడు, ఆ భాషలో వినేవాళ్ళుంటేనే మేలు.

ముందు మాట్లాడేది శిక్షణ తీసుకున్న కౌన్సిలర్. పేరు, వయసు, జిల్లా లాంటివి అడుగుతారు, తరవాత వింటారు. అవసరమనిపిస్తే మానసిక వైద్యుడికి కలుపుతారు, లేదా దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలో చెబుతారు, మళ్ళీ వాళ్ళే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగడమూ ఉంది. అందుకని తెలియని నంబరు అని కోసేయకండి.

మొదటి కాల్ మధ్యలో తెగిపోవచ్చు. మాకు రెండుసార్లు తెగింది. మూడోసారి ఇంకొకరు ఎత్తారు, పిన్ని మళ్ళీ మొదట్నుంచి చెప్పాలంటే ఫోన్ నా ఒళ్ళో పడేసి లేచిపోయింది. అప్పుడు నేనే తీసుకుని, 'అమ్మా, మా పిన్ని తరఫున నేను చెబుతాను, ఆవిడ పక్కనే ఉంది' అన్నాను. అది కుదురుతుంది. ఇంట్లోవాళ్ళు కూడా ఈ నంబరుకి చేసి, మనిషిని ఎలా చూసుకోవాలని అడగచ్చు. రోగి ఒప్పుకోకపోయినా మీ వరకు మీరు చేయండి.

మాట్లాడే చోటు

నన్నడిగితే అన్నిటికంటే కష్టమైన పని ఇదే. పల్లెటూళ్ళో గోడలకి చెవులుంటాయంటారు, మా ఊళ్ళో గోడలే తక్కువ. అత్త పక్కగదిలో ఉండగా కోడలు తన బాధ ఎలా చెప్పుకుంటుంది? అందుకని చోటు ముందే చూసుకోండి. తోట, మధ్యాహ్నం ఖాళీగా ఉండే గుడి వెనక మండపం, సెలవు రోజు బడి వరండా, కళ్ళం. ముందు రోజే అక్కడికి వెళ్ళి ఫోన్లో ఎన్ని గీతలున్నాయో చూసి, ఎవరికైనా ఓ నిమిషం కాల్ చేసి మాట తెగుతోందో లేదో పరీక్షించండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఊరు సద్దుమణిగి ఉంటుంది, మా అనుభవంలో అది మంచి సమయం. ఇయర్ ఫోన్ ఉంటే అవతలివాళ్ళ ప్రశ్నలు పక్కవాళ్ళకి వినబడవు. ఇరవై రూపాయలు ఎక్కువైనా ఒకటి కొనండి.

తోడు వెళ్ళినవాళ్ళు నంబరు కలిపి, మొదటి మాట అందించి, పది అడుగులు దూరంగా జరగాలి. నాకిది ఆలస్యంగా అర్థమైంది. నేను పక్కనే ఉన్నంతసేపూ పిన్ని నిద్ర గురించే చెప్పింది. జీడి చెట్ల అవతలికి వెళ్ళాక అరగంట మాట్లాడింది. ఏం చెప్పిందో నేనడగలేదు.

ఏం చెప్పాలి: ఒక కాగితం రాసుకోండి

'డిప్రెషన్', 'యాంగ్జైటీ' అనే పేర్లు మీకు తెలియక్కర్లేదు. మన మాటల్లోనే చెప్పండి. బెంగ, గాబరా, దడ, ఒళ్ళంతా మంటలు, తల బరువు, దేని మీదా ఆశ లేకపోవడం, అయినదానికీ కానిదానికీ కోపం. మన వైపు మనసు బాధ ఒంటి మీదే కనబడుతుంది, డాక్టర్లకి అది తెలుసు. కానీ ఎప్పట్నుంచి, ఎంత, అనేవి చెప్పకపోతే వాళ్ళు ఏమీ తేల్చలేరు. పిన్ని కోసం పిల్లల నోటుపుస్తకం వెనక పేజీలో నేను రాసింది ఇలా ఉంది:

"నిద్ర: పదకొండుకి పడుకుని రెండుకి లేస్తుంది, మళ్ళీ పట్టదు. తిండి: పూటకి నాలుగు ముద్దలు. బరువు తగ్గింది, జాకెట్లు వదులయ్యాయి. దడ: సాయంత్రం, వారంలో నాలుగైదు రోజులు. పని: మానేసి ఐదు నెలలు. మందులు: బీపీ మాత్ర ఒకటి, నిద్రమాత్ర రోజూ ఒకటి, ఆరు నెలల నుంచి. ఒళ్ళు నొప్పుల మాత్రలు అప్పుడప్పుడు. క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష): పోయిన ఏడాది పరీక్ష కాగితం ఉంది. బాబాయి పోయాడు."

చివరి మాట మొదట రాయాల్సింది. రాయడానికి చెయ్యి రాలేదు.

మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసి దగ్గర పెట్టుకోండి, పేర్లు చూసి చదవచ్చు. ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా, తాగుడు అలవాటుందా, ఆడవాళ్ళయితే గర్భం ఉందా, బిడ్డ పాలు తాగుతోందా అనేవి దాచకుండా చెప్పాలి.

ఉద్దానం వాళ్ళకి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళయితే, డాక్టరు అడగకపోయినా "మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులున్న ప్రాంతం, నా క్రియాటినిన్ ఇంత" అని మీరే చెప్పండి. ఎందుకంటే ఉత్సాహం ఎక్కువ, దిగులు ఎక్కువ అవుతూ మారే బైపోలార్ జబ్బుకి వాడే లిథియం అనే మందు ఒంట్లోంచి కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ సరిగా లేకపోతే అది ఒంట్లో పేరుకుని విషమవుతుంది. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినా, నొప్పుల మాత్రలు మింగినా అదే ప్రమాదం. ఎక్కడో దూరాన ఫోన్లో కూచున్న డాక్టరుకి మన మట్టి సంగతి తెలియకపోవచ్చు. మీరు చెప్పే ఆ ఒక్క ముక్క మందునే మార్చేస్తుంది.

ఊరి క్లినిక్‌లో వీడియో డాక్టరు

మాట సాయం సరిపోక మందు కావాల్సి వచ్చినప్పుడు ఈ-సంజీవని వాడుకోండి. ఇదీ ప్రభుత్వానిదే, ఉచితం. రెండు దారులున్నాయి.

మొదటిది, మీ ఊరి హెల్త్ క్లినిక్. అక్కడ ఉండే సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు), మన వైపు ఎంఎల్‌హెచ్‌పీ అంటారు, తన ట్యాబ్ నుంచో కంప్యూటర్ నుంచో డాక్టరుకి వీడియో కలుపుతుంది. ఆధార్, ఫోన్ నంబరు, పాత కాగితాలు పట్టుకెళ్ళండి. మానసిక వైద్యుడు అన్ని రోజులూ దొరక్కపోవచ్చు కాబట్టి ముందు రోజే వెళ్ళి "మనసు డాక్టరు ఏ రోజు, ఏ టైముకి దొరుకుతారు తల్లీ?" అని అడిగి రండి. దొరక్కపోతే మామూలు డాక్టరుతోనైనా మాట్లాడించండి, వాళ్ళు పెద్ద డాక్టరుకి పంపగలరు. క్లినిక్ దారిలో ఉన్న మంచి ఏమిటంటే బీపీ, షుగర్, బరువు అక్కడికక్కడే చూస్తారు, కాల్ తెగితే మళ్ళీ కలిపే బాధ్యత వాళ్ళది.

రెండోది, ఇంటి నుంచే. ఈ-సంజీవని యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, వివరాలు నింపితే టోకెన్ వస్తుంది, వంతు వచ్చాక వీడియో కలుస్తుంది. అయ్యాక మందుల చీటీ ఫోన్‌కే వస్తుంది. దీనికి నెట్ బాగుండాలి. పొరుగింటి వైఫై కంటే, మీ బడికో సచివాలయానికో వెళ్ళే దారిలో నెట్ బాగా వచ్చే చోటు చూసుకోవడం నయం.

సీహెచ్‌వోనో ఆశా కార్యకర్తో మీకు చుట్టం అయితే, 'రేపటికి ఊరంతా తెలిసిపోతుంది' అని జంకు ఉంటుంది. న్యాయమైన జంకే. మీ వైద్యం సంగతి గుట్టుగా ఉండాలన్నది 2017 చట్టం మీకిచ్చిన హక్కు, ఆ మాట మెత్తగానే వాళ్ళకి చెప్పండి. అప్పటికీ మనసొప్పకపోతే ఇంటి దారి పట్టండి, లేదా పక్క ఊరి క్లినిక్‌కి వెళ్ళండి. అయితే ఒక మాట చెప్పాలి, మా ఊరి ఆశా అప్ప మాత్రం పిన్ని సంగతి ఈరోజుకీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. మందులు అయిపోయే వేళకి గుమ్మంలోకి వచ్చి, "పిన్నీ, బీపీ మాత్రలున్నాయా, అయిపోనాయా?" అనేది. బీపీ మాత్రలంటే ఏమిటో వాళ్ళిద్దరికే తెలుసు.

మందులు చేతికొచ్చాక

దిగులుకిచ్చే మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. కానీ వికారం, తలనొప్పి, కడుపులో తిప్పడం మొదటి వారంలోనే రావచ్చు. అంటే ముందు ఇబ్బంది, తరవాత గుణం. ఇది తెలియక మన వాళ్ళు ఐదో రోజునే 'ఈ మాత్ర పడలేదు' అని పారేస్తారు. ఆ మొదటి రోజుల్లో ఓపిక పట్టించడమే తోడున్నవాళ్ళ అసలు పని. ఆ రోజుల్లో చికాకు, అలజడి మరీ పెరిగినా, చావు మాటలు వచ్చినా మాత్రం ఆగకుండా డాక్టరుకి చెప్పాలి, కుర్రవాళ్ళ విషయంలో మరీ.

గుణం కనబడగానే ఆపేయడం ఇంకో తప్పు. సాధారణంగా బాగయ్యాక కూడా ఆరు నెలలైనా వాడమంటారు. ఎప్పుడు ఆపాలో, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. నిద్రమాత్రలకి ఇది మరీ ముఖ్యం. పిన్ని ఆరు నెలలుగా మింగుతున్న నిద్రమాత్రని డాక్టరు ఒక్కసారే ఆపించలేదు. సగం చేసి, పావు చేసి, వారాల మీద తగ్గించారు.

వీడియోలో అన్ని మందులూ రాయడానికి వీల్లేదు. మత్తు మందుల చట్టం కిందికి వచ్చేవి కొన్ని డాక్టరు ఎదురుగా చూస్తేనే రాస్తారు. డాక్టరు 'ఒకసారి రండి' అంటే అది తప్పించుకోవడం అనుకోకండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఓపీ ఉంటుంది, తీవ్రమైన జబ్బయితే విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళమే వంద కిలోమీటర్లు దాటుతుంది, కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. అందుకే ఒకసారి ఎదురుగా చూపించుకుని, తరవాతవి ఫోన్లో చూపించుకోవచ్చా అని అక్కడే అడిగి తేల్చుకుని రండి. చాలావాటికి కుదురుతుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో మందులు కనీసం పదిహేను రోజులకి ఎక్కువ ఉంచుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పడ్డప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, దారులన్నీ పడిపోయిన కొబ్బరి చెట్లే. అలాంటి రోజుల్లోనే మనసు ఎక్కువ కుంగుతుంది, అప్పుడే మాత్రలు లేకుండా పోతాయి. ఆ నిల్వ రోగి చేతిలో కాకుండా ఇంట్లో ఇంకొకరి దగ్గరుండాలి.

డబ్బు తీసుకునే యాప్‌లు

ఫోన్లో బోలెడు ప్రకటనలొస్తాయి. డబ్బు కట్టి చూపించుకోవడం తప్పేం కాదు, కానీ అవతల ఉన్నదెవరో చూడండి. మందు రాసేవాళ్ళు డాక్టరే అయి ఉండాలి, చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరిగా ఉండాలి. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్ళకి భారత పునరావాస మండలి నమోదు నంబరుంటుంది, అడిగితే చెప్పాలి. 'మూడు సిట్టింగుల్లో జబ్బు గ్యారంటీగా పోతుంది' అన్నవాళ్ళకి, ముందే మొత్తం కట్టమన్నవాళ్ళకి, వివరం అడిగితే విసుక్కున్నవాళ్ళకి దణ్ణం పెట్టి ఫోన్ కోసేయండి. ఓటీపీ, బ్యాంకు వివరాలు వైద్యానికి ఎవరూ అడగరు. ఈ-సంజీవని లోపలికి వెళ్ళడానికి వచ్చే ఓటీపీ మీరే నింపుకోవాలి, ఫోన్ చేసి అడిగినవాళ్ళకి చెప్పకూడదు.

వలస వెళ్ళినవాళ్ళకి

మన జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో ఎవరో ఒకరు చెన్నైలోనో, హైదరాబాదులోనో, గుజరాత్ రేవుల్లో పడవల మీదో ఉంటారు. మీరు అక్కణ్ణుంచి కూడా 14416 కి చేసి తెలుగు ఎంచుకోవచ్చు. రూములో పదిమంది మధ్య పడుకుని, ఎవరికీ చెప్పుకోలేక, తాగుడు ఒక్కటే మందనుకునే కుర్రాళ్ళు ఈ ఒక్క నంబరైనా ఫోన్లో సేవ్ చేసుకోండి.

ఊళ్ళో ఉన్న అమ్మకో నాన్నకో బాగోలేదని మీకనిపిస్తే, డబ్బు పంపి ఊరుకోకండి. ముగ్గురు కలిసి మాట్లాడే కాన్ఫరెన్స్ కాల్ పెట్టండి, లేదా ఊళ్ళో చదువుకున్న పిల్ల ఎవరున్నారో చూసి, ఆ పిల్లని తోడు కూచోబెట్టండి. ఆ పిల్లకి ఈ కాగితం పని, చోటు పని మీరు ఫోన్లోనే నేర్పచ్చు.

తరవాతి తేదీ

మొదటి మాట అయ్యాక మళ్ళీ ఎప్పుడు చేయాలో అడిగి రాసుకోండి. మా ఇంట్లో వంటగది గోడకి వేలాడే పంచాంగం క్యాలెండర్ మీద ఆ తేదీకి పసుపు బొట్టు పెట్టేవాళ్ళం. ఊరివాళ్ళు చూసినా ఏ శుభకార్యమో అనుకుంటారు. దాని పక్కనే ఫోన్ రీచార్జి అయిపోయే తేదీకి కుంకుమ బొట్టు పెట్టండి. 14416 కి చేయడానికి బ్యాలెన్సు అక్కర్లేకపోయినా, వ్యాలిడిటీ అయిపోతే వాళ్ళు మళ్ళీ చేసినప్పుడు మీ ఫోన్ మోగదు. వీడియోకైతే డేటా ఎలాగూ కావాలి. కుంకుమ బొట్టు పసుపు బొట్టు కంటే ముందొస్తే, కుంకుమ బొట్టు ముందు రోజే రీచార్జి చేయించండి.